పాత రబ్బరును కొత్త కాంపౌండ్‌లో కలపడం ఎలా: బఫింగ్ పొడి నుంచి షీటు దాకా

కర్నూలు నుంచి డోన్, గుత్తి, అనంతపురం మీదుగా పెనుకొండ దాకా హైవే పొడవునా టైర్ల రీట్రెడింగ్ షాపులున్నాయి. కడప వైపూ అంతే. ప్రతి షాపు వెనకా నల్లటి బఫింగ్ పొడి, అంటే కొత్త ట్రెడ్ (నేలకు తగిలే పొర) వేసే ముందు పాత టైరును గీకినప్పుడు రాలే రబ్బరు పొడి, మూటలుగా పేరుకుపోయి ఉంటుంది. మ్యాట్లు, వాషర్లు, మడ్ ఫ్లాపులు చేసే చిన్న యూనిట్ల వాళ్ళు అది చూసి నన్ను అడిగే ప్రశ్న ఎప్పుడూ ఒకటే: "ఈ పొడిని కరిగించి మళ్ళీ రబ్బరు చేయొచ్చా? కొత్త సరుకులో ఎంత కలపొచ్చు?"

ముందు ఒక మాట. ఒకసారి గంధకంతో ఉడికిన రబ్బరు కరగదు. ఉడికిన ఇడ్లీ తిరిగి పిండి కానట్టే ఇదీ. వేడి పెంచితే మాడుతుంది, పొగ వస్తుంది, జిగురు మిగులుతుంది. రబ్బరు గొలుసులను పట్టి ఉంచే గంధకపు లంకెలు కొన్నిటిని తెంచి, గొలుసులను వీలైనంత వరకు కాపాడుకోవడం ఒక్కటే మన చేతిలో ఉన్న పని. గంధకానికి గంధకానికి మధ్య ఉన్న బంధం, కార్బన్‌కు కార్బన్‌కు మధ్య ఉన్న బంధం కంటే బలహీనం. రీక్లెయిమ్, అంటే పాత రబ్బరును మళ్ళీ వాడేలా మెత్తబరచడం, అంతా ఆ తేడా మీదే నడుస్తుంది. సిద్ధాంతం ఇంతవరకు చాలు.

ఈ వ్యాసం సొంతంగా టూ రోల్ మిల్లు (ఎదురెదురుగా తిరిగే రెండు రోళ్ళ మధ్య రబ్బరు నూరే యంత్రం), హైడ్రాలిక్ ప్రెస్ ఉన్నవాళ్ళ కోసం. ఆటోక్లేవ్‌లో ఆవిరి ఒత్తిడితో చేసే పెద్ద పద్ధతి వేరు. దానికి బాయిలర్ అనుమతులు కావాలి, పెట్టుబడీ ఎక్కువే. దాని జోలికి ఇక్కడ వెళ్ళడం లేదు. మిల్లు లేనివాళ్ళు తయారైన రీక్లెయిమ్ షీటు కొని 6వ మెట్టు నుంచి చదవండి. అందులో చిన్నతనం ఏమీ లేదు. నెలకు కొద్ది సరుకే వాడే యూనిట్‌కు కొనుక్కోవడమే మేలని నా అభిప్రాయం.

కావలసినవి

లారీ, బస్సు టైర్ల బఫింగ్ పొడి. 30, 40 మెష్ జల్లెడలు. గట్టి అయస్కాంతం. టూ రోల్ మిల్లు, చల్లటి నీళ్ళ ఏర్పాటు. స్పిండిల్ ఆయిల్ లేదా అరోమాటిక్ ఆయిల్. టీఎంటీడీ పొడి. కొత్త రబ్బరు, అంటే ఆర్ఎస్ఎస్-4 రకం పొగబెట్టిన సహజ రబ్బరు షీటు. రబ్బరులో కలిపే మామూలు కాంపౌండింగ్ సరుకు: జింక్ ఆక్సైడ్, స్టియరిక్ యాసిడ్, టీడీక్యూ (రబ్బరు పాతబడకుండా కాపాడేది), కార్బన్ బ్లాక్, సీబీఎస్ (యాక్సిలరేటర్, అంటే ఉడకడాన్ని తొందరపెట్టేది), గంధకం. గ్రాములో పదో వంతు చూపించే త్రాసు, షోర్ ఎ మీటర్ (రబ్బరు గట్టిదనం కొలిచేది), రోళ్ళ వేడి చూసే థర్మామీటర్, వెర్నియర్. దుమ్ము మాస్కులు. షీట్ల మధ్య చల్లడానికి బలపం రాతి పొడి. అది మనకు తాడిపత్రి, బేతంచెర్ల వైపే దొరుకుతుంది.

త్రాసు విషయంలో పిసినారితనం వద్దు. కూరగాయల త్రాసుతో గంధకం తూస్తే ఒక బ్యాచ్ గట్టిగా, ఇంకో బ్యాచ్ మెత్తగా వస్తుంది. తప్పంతా రీక్లెయిమ్ మీద పడుతుంది.

1. సరుకు వేరు చేయండి

సగం పని ఇక్కడే ఉంది. మిల్లు దగ్గర ఎంత కష్టపడినా మూటలో కలిసిన చెడు సరుకును బాగుచేయలేరు.

లారీ, బస్సు టైరు ట్రెడ్‌లో సహజ రబ్బరు ఎక్కువ. అయితే అంతా సహజ రబ్బరే అనుకోవద్దు. అరుగుదల తట్టుకోవడానికి పాలీబ్యుటాడీన్ అనే కృత్రిమ రబ్బరు కూడా కలుపుతారు. దానివల్ల మనకు పెద్ద ఇబ్బంది లేదు. కారు టైర్లలో ఎస్‌బీఆర్ అనే మరో కృత్రిమ రబ్బరు ఎక్కువగా ఉంటుంది. అది ఈ పద్ధతిలో అంత సులువుగా లొంగదు. అందుకే షాపు వాళ్ళతో ముందే మాట్లాడుకుని, లారీ, బస్సు బఫింగ్ వేరే గోతంలో పట్టించండి. కిలోకు కాస్త ఎక్కువ ఇచ్చినా నష్టం రాదు.

అసలు ప్రమాదం బ్యూటైల్ అనే కృత్రిమ రబ్బరు ట్యూబు. గాలి నిలుపుతుంది కాబట్టి ఇప్పటి లారీ ట్యూబులు చాలావరకు బ్యూటైలే. ఆ ముక్కలు సహజ రబ్బరులో కలిస్తే గంధకాన్నీ యాక్సిలరేటర్‌నూ సహజ రబ్బరే లాక్కుంటుంది, బ్యూటైల్ ఉడకకుండా ఉండిపోతుంది. తయారైన వస్తువులో పొరలు లేస్తాయి, బుడగలు వస్తాయి. గుర్తుపట్టడం సులువు. ముక్కను నేలకేసి కొట్టండి. సహజ రబ్బరు బాగా ఎగురుతుంది, బ్యూటైల్ చప్పగా పడిపోతుంది. నూనె తట్టుకునే నైట్రైల్ రబ్బరని అనుమానం వస్తే చిన్న ముక్కను కిరోసిన్‌లో ఒక రోజు ఉంచండి. సహజ రబ్బరు బాగా ఉబ్బుతుంది, నైట్రైల్ పెద్దగా ఉబ్బదు.

అన్నిటికంటే మంచి సరుకు మీ దగ్గరే ఉంది. మీ మోల్డుల అంచుల నుంచి కత్తిరించి పారేసే ఫ్లాష్, తిరస్కరించిన ముక్కలు. వాటి రెసిపీ మీకు తెలుసు. కొత్తగా మొదలుపెట్టేవాళ్ళు దానితోనే చేయి తిప్పుకోండి.

బఫింగ్ బ్లేడు మొద్దుబారితే రబ్బరు మాడి, పొడి జిడ్డుగా, ఘాటు వాసనతో వస్తుంది. ఆ మూట వద్దు.

2. శుభ్రం చేసి జల్లించండి, ఆరబెట్టండి

రేకు మీద పల్చగా పరిచి అయస్కాంతం రెండుసార్లు తిప్పండి. రేడియల్ టైర్ల బఫింగ్‌లో సన్నటి ఉక్కు తీగలు ఉంటాయి. ఒక్క తీగ చాలు, రోలు మీద గీత పెట్టడానికి. తర్వాత 30 మెష్ జల్లెడ పట్టండి. రీక్లెయిమ్‌కు 30 నుంచి 40 మెష్ సరిపోతుంది. 30 మెష్ అంటే రేణువు సుమారు 0.6 మిల్లీమీటర్లు, 40 మెష్ అంటే 0.4 పైచిలుకు. పైన మిగిలిన పీచు ముక్కలను మళ్ళీ గ్రైండర్‌కు పంపండి.

మట్టి, ఇసుక ఉందో లేదో చూడాలంటే గుప్పెడు పొడిని నీళ్ళలో వేసి, రెండు చుక్కల సబ్బు నీళ్ళు కలిపి తిప్పండి. ట్రెడ్ రబ్బరు నీటి కంటే కొంచెమే బరువు కాబట్టి నిదానంగా దిగుతుంది. ఇసుక వెంటనే అడుగున చేరుతుంది. అడుగున గరగర తగిలితే ఆ మూటను కడిగి వాడండి.

మన ఎండకు ఆరబెట్టడం తేలిక. పల్చగా పరిచి మధ్యాహ్నం రెండు మూడు గంటలు ఉంచితే చాలు. తేమ మిగిలితే క్యూరింగ్‌లో, అంటే ప్రెస్‌లో ఉడికించేటప్పుడు, బుడగలుగా బయటపడుతుంది.

హెచ్చరిక: బఫింగ్ పొడిని పెద్ద గుట్టగా పోయవద్దు. సన్నటి పొడి గుట్ట లోపల తనంతట తాను వేడెక్కి నిప్పు అంటుకోవచ్చు. ఏప్రిల్, మే నెలల్లో రేకుల షెడ్డు కింద ఈ ప్రమాదం ఇంకా ఎక్కువ. చిన్న గోతాల్లో, గోతానికి గోతానికి మధ్య గాలి ఆడేలా పెట్టండి. వెల్డింగ్ పని దగ్గర్లో అసలు వద్దు.

3. ఆయిల్, టీఎంటీడీ పట్టించి రాత్రంతా నానబెట్టండి

బరువు లెక్కన 100 పాళ్ళ పొడికి 10 పాళ్ళ ఆయిల్, 2.5 పాళ్ళ టీఎంటీడీ. మొదలుపెట్టడానికి ఈ లెక్క వాడండి. ముందు ఆయిల్ పోసి బాగా కలిపి, తర్వాత టీఎంటీడీ చల్లండి. మూత పెట్టి రాత్రంతా ఉంచండి. ఆయిల్ రేణువు లోపలికి ఇంకితే మరుసటి రోజు మిల్లు పని సగం తగ్గుతుంది. చాలామంది ఈ మెట్టు దాటేసి నేరుగా మిల్లులో వేస్తారు. అప్పుడు ఆయిల్ రోలుకు అంటుకుని పొడి జారిపోతూనే ఉంటుంది.

టీఎంటీడీ మామూలు యాక్సిలరేటరే. గంధకపు లంకె తెగిన చోట దాని ముక్కలు వెళ్ళి అతుక్కుని, లంకె మళ్ళీ కలవకుండా ఆపుతాయి. మేలు ఎంతో జాగ్రత్త కూడా అంత అవసరం. చర్మానికి తగిలితే కొందరికి దద్దుర్లు వస్తాయి, దుమ్ము పీల్చకూడదు. ఉడికేటప్పుడు దీని నుంచి నైట్రోసమైన్లు పుట్టే అవకాశం ఉంది, అవి ఆరోగ్యానికి హానికరం. కాబట్టి ప్రెస్ మీద పొగ లాగే ఫ్యాన్ ఉండాలి. ఇంకొక సంగతి పనివాళ్ళకు తప్పకుండా చెప్పండి: టీఎంటీడీ దుమ్ములో పనిచేసిన రోజు సాయంత్రం మద్యం తాగితే మొహం ఎర్రబడి, గుండె దడ, వాంతులు వస్తాయి. తాగుడు మాన్పించే మాత్రలు ఇదే జాతి పదార్థం. తెలియక భయపడి ఆసుపత్రికి పరుగెత్తే బదులు ఆ రోజు తాగకుండా ఉండటం మంచిది.

ప్రత్యామ్నాయాలు: టీబీజెడ్‌టీడీ అనే రకంలో ఈ నైట్రోసమైన్ భయం తక్కువ, ధర ఎక్కువ, పాళ్ళు కూడా పెంచాలి. ఏ రసాయనమూ లేకుండా ఆయిల్, మిల్లు రాపిడితోనే చేయొచ్చు. అప్పుడు సమయం ఎక్కువ పడుతుంది, రేణువులు పూర్తిగా కలవవు. పశువుల షెడ్డు మ్యాట్లకు అది కూడా పనికొస్తుంది.

4. మిల్లు మీద నూరండి

ముందు భద్రత. సేఫ్టీ బార్‌ను ప్రతిరోజూ పొద్దున ఖాళీ మిల్లు మీద కొట్టి చూడండి. రోళ్ళు వెంటనే ఆగాలి. ఆగకపోతే ఆ రోజు పని లేదు. భుజం మీద తువ్వాలు, చేతికి కడియం, గాజులు, వేలికి ఉంగరం, వదులు చొక్కా ఏవీ ఉండకూడదు. సందు దగ్గర సరుకు నెట్టాలంటే చెక్క పలక వాడండి, చేయి కాదు. మిల్లు దగ్గర ఎప్పుడూ ఇద్దరుండాలి.

రోళ్ళ మధ్య సందు సుమారు 0.5 మిల్లీమీటర్లకు పెట్టండి. కంటి అంచనా వద్దు. రెండు చివర్లా సోల్డర్ తీగ ముక్క దూర్చి, నలిగిన మందం వెర్నియర్‌తో కొలవండి. రెండు వైపులా ఒకే మందం రావాలి.

మీ మిల్లు మామూలుగా మోసే బ్యాచ్‌లో సగమే వేయండి. మొదటి కొన్ని నిమిషాలు పొడి కిందికి రాలిపోతూనే ఉంటుంది. ట్రేలో పట్టి మళ్ళీ మళ్ళీ పోయండి. ఈ దశలో ఓపిక పోయి ఇంకాస్త ఆయిల్ పోస్తారు. పోయకండి. పది, పదిహేను నిమిషాల్లో రేకులు కడుతుంది, ఆ తర్వాత రోలును పట్టుకుని చిల్లులున్న షీటులా తిరుగుతుంది. అప్పుడు సందు 0.2 దాకా బిగించండి. మొత్తం 25 నుంచి 40 నిమిషాలు.

రోలు వేడి 50 నుంచి 60 డిగ్రీల మధ్య ఉండాలి. వేడి ఎక్కువైతే తొందరగా అవుతుందనుకుంటారు. జరిగేది దానికి పూర్తి వ్యతిరేకం. చల్లగా ఉన్న రబ్బరు బిర్రుగా ఉంటుంది, రాపిడి బాగా తగులుతుంది. వేడెక్కితే మెత్తబడి జారిపోతుంది. 70 దాటితే సరుకు తీసేసి రోళ్ళు చల్లారనివ్వండి.

మన ప్రాంతంలో దీనికి రెండు అడ్డంకులు. ఒకటి, వేసవిలో మధ్యాహ్నానికి ట్యాంకు నీళ్ళే వేడిగా ఉంటాయి. ఆ నెలల్లో ఈ పని తెల్లవారుజామున పెట్టుకోండి, ట్యాంకుకు నీడ కట్టండి. రెండు, బోరు నీళ్ళలో ఉప్పు ఎక్కువ. రోలు లోపల చవుడు పేరుకుని, నీళ్ళు పారుతున్నా చల్లదనం రోలు పైకి రాదు. నీళ్ళు బాగానే వస్తున్నాయి, రోలు మాత్రం కాలుతోంది అంటే కారణం చాలావరకు ఇదే. ఏడాదికి ఒకసారైనా లోపల శుభ్రం చేయించండి.

ఎప్పుడు ఆపాలి? ఇది కీలకం. షీటు తీసి వెలుతురుకు పట్టి సాగదీయండి. నునుపుగా, రేణువులు ఒకటీ అరా మాత్రమే కనిపిస్తే ఆపేయండి. షీటు వేలికి జిగురుగా అంటుకుని, లాగితే తీగలు సాగుతుంటే హద్దు దాటారు. గంధకపు లంకెలతో పాటు గొలుసులూ తెగాయన్నమాట. దానికి తిరిగి బలం రాదు. నున్నగా ఉందని సంతోషపడి ఇంకో పది నిమిషాలు నూరేవాళ్ళే ఎక్కువ. కొంచెం గరుకుగా ఉన్నప్పుడే ఆపడం మేలు.

షీటు అంచుల్లో గట్టి ముక్కలు చేరతాయి. వాటిని కోసి తర్వాతి బ్యాచ్‌లో వేయండి. మిగతా షీటుకు బలపం పొడి చల్లి, తేదీ రాసి, ఒక రోజు నీడలో ఉంచండి.

5. రీక్లెయిమ్ సరిగా వచ్చిందా? రెండు పరీక్షలు

మొదటిది టోలుయీన్ పరీక్ష. 1 గ్రాము బఫింగ్ పొడి, 1 గ్రాము రీక్లెయిమ్ వేర్వేరుగా సన్నటి స్టీలు జాలీలో చుట్టి, మూత ఉన్న గాజు సీసాల్లో 100 మిల్లీలీటర్ల టోలుయీన్‌లో మూడు రోజులు ఉంచండి. తీసి పూర్తిగా ఆరాక తూచండి. పొడి బరువు కొంచెమే తగ్గుతుంది, పోయేది దానిలోని పాత ఆయిల్. రీక్లెయిమ్ బరువు అంతకంటే స్పష్టంగా ఎక్కువ తగ్గాలి. మీరు కలిపిన ఆయిల్, టీఎంటీడీ కలిసి వందకు సుమారు 11 పాళ్ళు కాబట్టి దాన్ని మినహాయించి పోల్చండి. మినహాయించాక తేడా ఏమీ లేకపోతే లంకెలు తెగలేదు, పొడికి ఆయిల్ పూశారంతే. సగానికి పైగా కరిగిపోతే ఎక్కువ నూరారు. టోలుయీన్ తేలిగ్గా అంటుకుంటుంది, ఆవిరి పీల్చకూడదు. ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయండి.

రెండోది చవకది. వేరే ఏమీ కలపకుండా 100 పాళ్ళ రీక్లెయిమ్‌కు గంధకం 1 పాలు, జింక్ ఆక్సైడ్ 2.5 పాళ్ళు మాత్రమే వేసి 2 మిల్లీమీటర్ల షీటు ప్రెస్‌లో ఉడికించండి. 10 మిల్లీమీటర్ల వెడల్పు పట్టీ కోసి, పైన క్లాంపు బిగించి, కింద బరువులు వేలాడదీస్తూ పోండి. పట్టీ కోత 20 చదరపు మిల్లీమీటర్లు. 10 కిలోల దగ్గర తెగితే బలం సుమారు 5 మెగాపాస్కల్స్. క్లాంపు దగ్గర తెగిన పట్టీని లెక్కలోకి తీసుకోవద్దు. ఈ అంకె కంటే ముఖ్యం, బ్యాచ్ తర్వాత బ్యాచ్ అదే అంకె వస్తుందా అన్నది.

6. కొత్త రబ్బరులో కలపండి

రీక్లెయిమ్ మొత్తం రబ్బరు కాదు. ట్రెడ్ నుంచి వచ్చిన దానిలో దాదాపు సగమే రబ్బరు, మిగతాది కార్బన్ బ్లాక్, ఆయిల్, బూడిద. ఈ లెక్క మర్చిపోయి 20 కిలోల కొత్త రబ్బరు తీసి 20 కిలోల రీక్లెయిమ్ వేస్తారు. సరుకు గట్టిబడి, పగుళ్ళు వస్తాయి. 20 పాళ్ళ కొత్త రబ్బరు తీస్తే 40 పాళ్ళ రీక్లెయిమ్ వేయాలి. అందులో వచ్చే సుమారు 12 పాళ్ళ బ్లాక్‌ను మీ రెసిపీలోంచి తగ్గించాలి. ఆయిల్ కూడా తగ్గించాలి.

దాదాపు 2 కిలోల ట్రయల్ బ్యాచ్‌కు ఇలా తూయండి:

ఆర్ఎస్ఎస్-4: 1000 గ్రాములు
రీక్లెయిమ్: 500 గ్రాములు
జింక్ ఆక్సైడ్: 50 గ్రాములు
స్టియరిక్ యాసిడ్: 25 గ్రాములు
టీడీక్యూ: 12 గ్రాములు
ఎన్330 కార్బన్ బ్లాక్: 350 గ్రాములు
ప్రాసెస్ ఆయిల్: 25 గ్రాములు
సీబీఎస్: 6 గ్రాములు
గంధకం: 25 గ్రాములు

సీబీఎస్ ఇంత తక్కువేమిటని అడుగుతారు. 500 గ్రాముల రీక్లెయిమ్‌తో పాటు 11 గ్రాముల టీఎంటీడీ లోపలికి వచ్చింది. కొంత ఖర్చయినా మిగిలింది యాక్సిలరేటర్‌గా పనిచేస్తుంది. పాత రెసిపీలో ఉన్నంత సీబీఎస్ వేస్తే మోల్డు నిండకముందే సరుకు ఉడికిపోతుంది. కొన్న రీక్లెయిమ్ అయితే అది వేరే పద్ధతిలో చేసి ఉంటారు. సీబీఎస్ 10 గ్రాముల దగ్గర మొదలుపెట్టి చూసుకోండి.

వరుస: ముందు ఆర్ఎస్ఎస్ నూరి రోలుకు పట్టించండి. రీక్లెయిమ్ వేసి రెండు వైపుల నుంచీ కోస్తూ ఐదారు సార్లు మడవండి. జింక్ ఆక్సైడ్, స్టియరిక్ యాసిడ్, టీడీక్యూ. తర్వాత బ్లాక్, ఆయిల్ కొంచెం కొంచెంగా. చివర సీబీఎస్. షీటు తీసి రాత్రి విశ్రాంతి ఇచ్చి, గంధకం మరుసటి రోజు చల్లటి రోళ్ళ మీద కలపండి. రీక్లెయిమ్ ఉన్న కాంపౌండ్ తొందరగా కలుస్తుంది, ఒరిజినల్ కంటే షీటు నున్నగా, తక్కువ కుంచించుకుంటూ వస్తుంది. ఇది రీక్లెయిమ్‌లోని నిజమైన లాభం.

గంధకం పడ్డాక ఆ కాంపౌండ్‌ను మన వేసవిలో షెడ్డులో వారం రోజులు ఉంచవద్దు. రెండు మూడు రోజుల్లో వాడేయండి, ఇంట్లో చల్లని మూల పెట్టండి. గంధకపు దుమ్ము సులువుగా అంటుకుంటుంది. చీపురుతో లేపకుండా తడి గుడ్డతో తుడవండి.

పొడిని నూరకుండా నేరుగా ఫిల్లర్‌గా కలపాలంటే 40 మెష్ కంటే సన్నటిది తీసుకుని 100 పాళ్ళ రబ్బరుకు 10 నుంచి 15 పాళ్ళు దాటకండి. రేణువు పెద్దదైతే పగులు అక్కడే మొదలవుతుంది. ఇంకో సంగతి: కొత్త రబ్బరులోని గంధకం కొంత ఆ పొడిలోకి వలస పోతుంది, పొడిలోని పాత యాక్సిలరేటర్ ముక్కలు బయటికి వస్తాయి. అందుకే సరుకు ఒకపక్క మెత్తగా, మరోపక్క తొందరగా ఉడికేలా తయారవుతుంది. గంధకం కొద్దిగా పెంచి చూడండి.

ఎక్కడ ఎంత? పశువుల షెడ్డు మ్యాట్లు, మడ్ ఫ్లాపులు, పాలిషింగ్ యూనిట్లలో బండల కింద వేసే ప్యాడ్లు: కొత్త రబ్బరులో 40 శాతం దాకా తీసి రీక్లెయిమ్‌తో నింపొచ్చు. డ్రిప్పు వాషర్లు, పైపు గాస్కెట్లు: 10 నుంచి 20 శాతం. పదేపదే వంగే, రాపిడి తగిలే భాగాల్లో ఇంకా తక్కువ. బ్రేకు భాగాలు, గ్యాసు పైపులు, ప్రెషర్ హోసులు, తాగునీటి వాషర్లు, పిల్లల బొమ్మలు: అసలు వద్దు. పాత టైరులో ఏ ఆయిల్, ఏ రసాయనం పడిందో మనకు తెలియదు.

7. క్యూరింగ్ సమయం మళ్ళీ తేల్చండి

పాత సమయమే వాడడం అందరూ చేసే పొరపాటు. 150 డిగ్రీల దగ్గర 2 మిల్లీమీటర్ల షీట్లు 3, 4, 5, 6, 8, 10 నిమిషాలకు విడివిడిగా తీయండి. అన్నీ చల్లారి కొన్ని గంటలయ్యాక షోర్ ఎ చూడండి. గట్టిదనం పెరుగుతూ వచ్చి ఒకచోట నిలబడుతుంది. ఆ నిమిషమే మీది. ఆ తర్వాత తగ్గడం మొదలైతే రివర్షన్, అంటే ఎక్కువ ఉడికింది. సహజ రబ్బరుకు ఈ గుణం బాగా ఉంది. మందపాటి వస్తువుకు ప్రతి 6 మిల్లీమీటర్ల అదనపు మందానికి సుమారు 5 నిమిషాలు కలిపి మొదలుపెట్టి, ఒకటి అడ్డంగా కోసి చూడండి. మధ్యలో స్పాంజిలా ఉంటే ఉడకలేదు.

8. వస్తువును పరీక్షించండి

ఎప్పుడూ రీక్లెయిమ్ లేని బ్యాచ్ ఒకటి పక్కన చేసి పోల్చండి. అంకె ఒంటరిగా ఏమీ చెప్పదు. పట్టీ బలం, షోర్ ఎ రెండూ చూడండి. వాషర్లకు కంప్రెషన్ సెట్ (నొక్కి వదిలాక ఎంత మందం తిరిగి రాదో చూడటం) తప్పనిసరి: ముక్కను నాలుగో వంతు నొక్కి బోల్టులతో బిగించి, 70 డిగ్రీల ఓవెన్‌లో 24 గంటలు ఉంచి, విప్పిన అరగంటకు మందం కొలవండి. నొక్కిన మందంలో సగం కూడా తిరిగి రాకపోతే అది కొద్ది నెలల్లో కారుతుంది. అమ్మకండి. పెద్ద ఆర్డరుకు ముందు రబ్బరు పరీక్షల ప్రమాణం ఐఎస్ 3400 ప్రకారం ల్యాబ్ రిపోర్టు తీసుకోండి. కొట్టాయంలోని రబ్బర్ బోర్డు పరిశోధనా సంస్థ ఇలాంటి పరీక్షలు చేస్తుంది.

తరచూ వచ్చే ఫిర్యాదులు

పైన తెల్లటి పొడి తేలుతోంది: గంధకం లేదా టీఎంటీడీ ఎక్కువైంది. టీఎంటీడీ 2 పాళ్ళకు తగ్గించి చూడండి, గంధకం మళ్ళీ తూయండి.

బుడగలు: తేమ, లేదా సరిగా ఉడకలేదు. పొడిని ఇంకోసారి ఆరబెట్టి అదే బ్యాచ్ మళ్ళీ చేస్తే ఏదో తేలుతుంది. రెండూ కాకపోతే బ్యూటైల్ కలిసిందేమో చూడండి.

మోల్డు మూలలు నిండలేదు, మడత గీతలు పడ్డాయి: స్కార్చ్, అంటే మోల్డు నిండకముందే ఉడికిపోవడం. సీబీఎస్ తగ్గించండి, ప్రెస్‌లో సరుకు పెట్టి మూయడంలో ఆలస్యం చేయకండి.

గరుకు చుక్కలు: నూరింది చాలలేదు, లేదా అంచుల ముక్కలు కలిశాయి.

బరువు పెరిగింది, బలం లేదు: చవకగా వస్తుందని మంగంపేట ముగ్గురాయి (బెరైటీస్) పొడి ఎక్కువ పోసుంటారు. దాని సాంద్రత 4 పైనే. రీక్లెయిమ్‌లో ఇప్పటికే ఫిల్లరు ఉంది, దాని మీద ఇంకా పోస్తే రబ్బరు పట్టుకోలేదు. ఖర్చు లెక్క కూడా కిలోల్లో కాదు, లీటర్లలో వేయండి. మోల్డు నింపేది ఘనపరిమాణం. కొత్త రబ్బరు సాంద్రత 0.92, రీక్లెయిమ్ దాదాపు 1.15. కిలో ధరలో కనిపించిన ఆదా అంతా చేతికి రాదు.

అనుమతులు

పాత టైర్ల మీద 2022 జులైలో కేంద్రం ఈపీఆర్ (వ్యర్థాలపై తయారీదారు బాధ్యత) నిబంధనలు తెచ్చింది. వ్యర్థ టైర్లను రీసైకిల్ చేసేవాళ్ళు కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో నమోదు కావాలి. రాష్ట్ర కాలుష్య నియంత్రణ మండలి సీఎఫ్ఈ (యూనిట్ పెట్టడానికి అనుమతి), సీఎఫ్ఓ (నడపడానికి అనుమతి) కూడా ఉండాలి. బఫింగ్ మాత్రమే కొని సొంత వాడకానికి చేసే చిన్న యూనిట్‌కు ఏది వర్తిస్తుందో మీ ప్రాంతీయ కార్యాలయంలో రాతపూర్వకంగా అడిగి తీసుకోండి. మిల్లు కొనకముందే అడగండి.

9. పాడైన బ్యాచ్‌ను ఏం చేయాలి

ఉడకని సరుకు పాడైతే, అంటే జిగురైపోయిన రీక్లెయిమ్ లాంటిది, మ్యాట్ల బ్యాచ్‌లో 5 శాతం చొప్పున కలిపి ఖర్చు చేయండి. ఉడికి పాడైనదాన్ని గ్రైండర్‌కు పంపి 1వ మెట్టుకు తెచ్చుకోండి. మీ సొంత రెసిపీ కాబట్టి బయటి బఫింగ్ కంటే మంచిదే. బ్యూటైల్ కలిసిన మూటను విడిగా కట్టి, దాని మీద రాసి, బ్యూటైల్ రీక్లెయిమ్ చేసేవాళ్ళకు అమ్మండి. ఇటుక బట్టీలకు, బెల్లం గానుగల పొయ్యిలకు ఏ ముక్కా ఇవ్వకండి. గంధకపు పొగ, మసి చుట్టుపక్కల ఇళ్ళ మీదా పొలాల మీదా పడతాయి.